చిన్న ఇంజన్‌లో కంప్రెషన్ పెంచడం: కొలత నుంచి కోత దాకా, మన ఎండలకు తగ్గట్టు

హెడ్డు (సిలిండర్ పైన ఉండే మూత) అరగదీయిస్తే బండి లాగుడు పెరుగుతుందన్న మాట నిజమే. ఎంత పెరుగుతుందో మాత్రం ముందే తెలుసుకోవాలి. 9:1 ఉన్న కంప్రెషన్ రేషియోను (పెట్రోలు, గాలిని పిస్టన్ ఎన్నో వంతుకు నొక్కుతుందో చెప్పే అంకె) 10:1 చేస్తే లెక్క ప్రకారం వచ్చేది మూడు శాతం దగ్గర. అంటే 8 హార్స్ పవర్ ఇంజన్‌కు పావు హార్స్ పవర్. ఆ పావు కోసమే ఇంజన్ విప్పాలంటే దండగ పని. అయితే బోరు పనికో, వాల్వు పనికో ఎలాగూ హెడ్డు దించుతున్నప్పుడు అదే చేత్తో చేసుకుంటే లాభమే. లాగుడూ మెరుగవుతుంది, అదే పనికి పెట్రోలూ కొంచెం తక్కువ తాగుతుంది.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది 50 మి.మీ. బోరు (సిలిండర్ వ్యాసం), 49.5 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) ఉన్న 97.2 సి.సి. ఇంజన్. స్ప్లెండర్ తరహా 100 సి.సి. బండ్లలో ఉండేది ఇదే. కావలి నుంచి కనిగిరి దాకా ఏ షెడ్డులోనైనా దీని విడిభాగాలు దొరుకుతాయి, ఏ మెకానిక్‌కైనా దీని మీద చెయ్యి తిరిగి ఉంటుంది. పంపుసెట్టు ఇంజన్ల సంగతి చివర్లో వేరుగా ఉంది.

రెండు మాటలు ముందే చెప్పాలి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బండ్లలో దాదాపు అన్నిటికీ పెట్రోలు ఇంజెక్షన్, స్పార్క్ టైమింగ్ రెండూ కంప్యూటర్ చేతిలో ఉంటాయి. హెడ్డు కోసినంత మాత్రాన అది టైమింగ్ సర్దుకోదు. వాటి జోలికి వెళ్ళకండి. రెండోది, రోడ్డు మీద తిరిగే బండిలో తయారీదారు ఇచ్చిన వివరాలు మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ కట్టడి చేస్తుంది. వారంటీ ఉంటే అదీ పోతుంది. పొలంలో, చెరువు గట్టు మీద నడిచే పాత కార్బొరేటర్ ఇంజనే ఈ పనికి తగినది.

ముందు పోయిన కంప్రెషన్ సంగతి చూడండి

"దమ్ము లేదు" అని వచ్చే ఇంజన్లలో చాలావాటికి కంప్రెషన్ పెంచాల్సిన పని ఉండదు. కంపెనీ ఇచ్చిన కంప్రెషనే కారిపోతూ ఉంటుంది. అందుకే మొదటి పని కంప్రెషన్ గేజి (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే మీటరు) పెట్టడం.

ఇంజన్‌ను పది నిమిషాలు నడిపి వేడి చేయండి. ప్లగ్గు తీసి, ప్లగ్గు క్యాప్‌ను ఇంజన్ బాడీకి ఎర్త్ చేయండి. ఈ ఎర్త్ మరిచిపోతే రంధ్రంలోంచి చిమ్మే పెట్రోలు ఆవిరికి నిప్పురవ్వ తగిలే ప్రమాదం ఉంది. గేజి బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని, సూది కదలడం ఆగేదాకా ఆరేడు కిక్కులు కొట్టండి. ఆరోగ్యంగా ఉన్న 9:1 ఇంజన్ సుమారు 150 నుంచి 180 పి.ఎస్.ఐ. మధ్య చూపిస్తుంది. థ్రాటిల్ మూసి ఉంచి కిక్కు కొడితే మంచి ఇంజన్ కూడా 100 లోపు చూపిస్తుంది. ఆ తప్పు లెక్కతో బోరు కోయించుకున్న వాళ్ళున్నారు.

తక్కువ చూపిస్తే ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడండి. అంకె ఎగబాకితే రింగులో బోరో అరిగినట్టు. కదలకపోతే వాల్వులు కారుతున్నట్టు. చీమకుర్తి గ్రానైట్ దుమ్ములో తిరిగే బండ్లకు మొదటిదే ఎక్కువ. ఎయిర్ ఫిల్టర్ దాటిన రాతిపొడి రింగుల్ని ఆకురాయిలా తినేస్తుంది.

కొత్త పిస్టన్ కిట్టు వేసిన తర్వాత కూడా లాగుడు రాలేదంటే కారణం తరచూ ప్యాకింగు (అతుకుల మధ్య వేసే గ్యాస్కెట్) దగ్గర ఉంటుంది. అసలుదాని కంటే 0.3 మి.మీ. మందంగా ఉన్న హెడ్ ప్యాకింగు వేస్తే 9.0 ఉన్న రేషియో 8.63కి పడిపోతుంది. వాల్వు సీట్లు పదే పదే కోయడంతో 25 మి.మీ. వాల్వు అర మిల్లీమీటరు లోపలికి దిగబడిందంటే ఇంకో పావు సి.సి. ఖాళీ పెరిగి 8.84 దగ్గరకు వస్తుంది. ఈ రెండూ సరిచేస్తే కోత లేకుండానే పని అయిపోతుంది.

లెక్క

కంప్రెషన్ రేషియో అంటే పిస్టన్ కింద ఉన్నప్పుడు పైన ఉండే మొత్తం ఖాళీని, పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీతో భాగిస్తే వచ్చేది. పైకి వచ్చాక మిగిలే ఖాళీని ఇక్కడ "గది" అందాం. పిస్టన్ ఊడ్చే ఘనపరిమాణం 97.19 సి.సి.

రేషియో 9.0 అయితే గది 97.19 ÷ 8 = 12.15 సి.సి.
రేషియో 10.0 అయితే గది 97.19 ÷ 9 = 10.80 సి.సి.
రేషియో 10.5 అయితే గది 97.19 ÷ 9.5 = 10.23 సి.సి.

9 నుంచి 10కి పోవాలంటే తగ్గించాల్సింది 1.35 సి.సి. మాత్రమే, పావు చెంచా. ఇంత చిన్న అంకె కాబట్టే కంటి అంచనా పనికిరాదు. అర సి.సి. తేడా వస్తే 10 అనుకున్నది 10.44 అయి కూర్చుంటుంది.

బోరు ఓవర్‌సైజు చేసినా రేషియో కాస్త పెరుగుతుంది. గది మారకుండా 50.5 మి.మీ. పిస్టన్ పడితే 9.0 కాస్తా 9.16 అవుతుంది, 51 మి.మీ. పడితే 9.32. ఇప్పటికే ఓవర్‌సైజులో ఉన్న ఇంజన్‌కు కంపెనీ అంకె పెట్టుకుని లెక్క కట్టకండి.

గదిని కొలవడం

కావలసినవి: మందుల షాపులో దొరికే 10 మి.లీ. సిరంజి, పలచని ఆయిల్ (టూస్ట్రోక్ ఆయిల్ బాగుంటుంది, రంగుండటం వల్ల గాలి బుడగ కనిపిస్తుంది), గ్రీజు, 5 మి.మీ. రంధ్రం చేసిన పారదర్శకమైన అక్రిలిక్ ముక్క, వెర్నియర్.

1. హెడ్డు విప్పక ముందే మొత్తం గదిని ఒకసారి కొలవండి. ఇంజన్ దించి, ప్లగ్గు రంధ్రం ఆకాశం వైపు చూసేలా పెట్టండి. పిస్టన్ పైకి వచ్చి, రెండు వాల్వులూ మూసుకుని ఉండాలి. మాగ్నెట్ మీది టి గుర్తు (పిస్టన్ పైకి వచ్చిందని చెప్పేది) కలిపాక రాకర్లు (వాల్వుల్ని నొక్కే చేతులు) రెండూ వదులుగా కదులుతుంటే సరైన చోట ఉన్నట్టు. బిగుసుకుని ఉంటే ఇంకో చుట్టు తిప్పాలి.

2. సిరంజితో ఆయిల్ పోస్తూ, ఇంజన్‌ను అటూ ఇటూ కొద్దిగా కదిలిస్తూ బుడగలు బయటికి రానివ్వండి. రంధ్రం పై అంచు దాకా నిండగానే ఎంత పట్టిందో రాసుకోండి. అర నిమిషంలో చదివేయాలి, ఆలస్యమైతే రింగుల పక్క నుంచి దిగిపోతుంది.

3. ప్లగ్గు మర ఉండే గొట్టం అంత భాగం తీసివేయాలి. 10 మి.మీ. మర, 12.7 మి.మీ. పొడవు ప్లగ్గుకు అది దాదాపు 0.9 సి.సి. ఉదాహరణకు 13.0 పట్టిందంటే గది 12.1. 97.19ని 12.1తో భాగించి ఒకటి కలిపితే 9.03. ఇదే మీ ఇంజన్ అసలు రేషియో, పుస్తకంలో ఏముందో దానితో పనిలేదు.

4. మూడుసార్లు కొలవండి. మూడు అంకెల మధ్య 0.2 కంటే ఎక్కువ తేడా ఉంటే బుడగ మిగిలినట్టో, రింగులు కారుతున్నట్టో.

5. ఆయిల్ పూర్తిగా బయటికి రాకుండా ఇంజన్ స్టార్ట్ చేయకండి. ద్రవం నొక్కుడు పడదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ప్లగ్గు లేకుండా, రంధ్రానికి గుడ్డ అడ్డం పెట్టి, చేత్తో కిక్కు లివరు నెమ్మదిగా తిప్పి దులపాలి.

తర్వాత హెడ్డు విప్పి, బొగ్గు అంతా తీసి, హెడ్డు గదిని విడిగా కొలవండి. ముందు బొగ్గు తీయడం ముఖ్యం. చాలా ఏళ్ళు నడిచిన ఇంజన్‌లో పేరుకున్న బొగ్గు గదిని తగ్గించి రేషియోను పెంచి చూపిస్తుంది. అల్యూమినియంను గీకడానికి స్క్రూడ్రైవర్ కాదు, వెదురు చీలిక వాడండి. వాల్వులు, ప్లగ్గు బిగించి, హెడ్డు ముఖానికి పలచగా గ్రీజు రాసి, అక్రిలిక్ ముక్క అతికించి, రంధ్రం కాస్త ఎత్తుగా ఉండేలా వంచి నింపండి. కోత పడేది ఇక్కడే కాబట్టి, కోసిన ప్రతిసారీ కొలవాల్సింది ఇదే.

ఎక్కడ ఆగాలి

మనది సముద్రమట్టం. నెల్లూరు, ఒంగోలు, కావలి అన్నీ తీరానికి దగ్గరి ఊళ్ళే. గాలి చిక్కగా ఉండి సిలిండర్ నిండుగా నిండుతుంది. శక్తికి మంచిదే, నాకింగ్‌కూ (నొక్కుడు వేడికి పెట్రోలు తనంతట తానే అంటుకుని ఇంజన్ కొట్టుకోవడం) అదే దారి. బెంగళూరు ఎత్తులో మాట్లాడకుండా నడిచే 10.5 ఇంజన్ ఇక్కడ కొడుతుంది. దీనికి తోడు వేసవిలో 44, 45 డిగ్రీలు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు. గాలితో చల్లబడే ఇంజన్‌కు చల్లబరిచే గాలే వడగాలి అయినప్పుడు హెడ్డు వేడి ఎక్కడికి పోవాలి?

పెట్రోలు విషయంలో ఇప్పుడు ఒక వెసులుబాటు ఉంది. 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు ఆక్టేన్ 95 దగ్గర ఉంటుంది, పాత మామూలు పెట్రోలుకు అది 91. ఆక్టేన్ ఎక్కువైతే నాకింగ్‌ను తట్టుకునే శక్తి ఎక్కువ. అందుకని 10 దాకా ధైర్యంగా పోవచ్చు.

అయినా వాడకాన్ని బట్టి గీత గీసుకోవాలి. ఖాళీ బండి మీద మనిషి ఒక్కడు తిరిగేదైతే 10.0. కొత్తపట్నం నుంచి చేపల బుట్టలు వేసుకుని ఒంగోలు మార్కెట్‌కు, చెరువులకు మేత బస్తాలు వేసుకుని పోయే బండ్లకు 9.5 దాటవద్దు. బరువు మీద, తక్కువ వేగంలో, టాప్ గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పడమే నాకింగ్‌కు అన్నిటికంటే అనువైన స్థితి. 10.5 పోటీ బండ్ల అంకె. రోజూ తిరిగే ఇంజన్‌కు అక్కర్లేదు.

కోత కంటే ముందు కాగితం

మొదట చూడాల్సింది బోరు కింద ఉండే బేస్ ప్యాకింగు. అది 0.5 మి.మీ. మందం ఉంటే దాని స్థానంలో 0.2 మి.మీ. ప్యాకింగు షీటు కత్తిరించి వేస్తే బోరు మొత్తం 0.3 కిందికి దిగుతుంది. బోరు వైశాల్యం 19.63 చదరపు సెం.మీ. కాబట్టి 0.59 సి.సి. తగ్గి, రేషియో 9.41 అవుతుంది. లేత్ ఖర్చు లేదు, నచ్చకపోతే పాత ప్యాకింగు వేసేస్తే యథాస్థితి. బరువులు మోసే బండికి నిజానికి ఇది చాలు. ఒక్క జాగ్రత్త: పిస్టన్ అంచు బోరు పై ముఖం దాటి ఎంత పైకి వస్తుందో చూడాలి.

10 కావాలంటే హెడ్డు ముఖం కోయాలి. ముఖం దగ్గర గది నోరు ఎంత వెడల్పుందో వెర్నియర్‌తో కొలవండి. 47 మి.మీ. ఉందనుకోండి, వైశాల్యం 17.35. బేస్ ప్యాకింగు మార్చకుండా మొత్తం 1.35 సి.సి. హెడ్డులోనే తీయాలంటే 0.78 మి.మీ. కోత. బేస్ ప్యాకింగుతో 0.59 వచ్చేసి ఉంటే మిగిలింది 0.76 సి.సి., అంటే 0.44 మి.మీ. లోపలికి పోయేకొద్దీ గది సన్నబడుతుంది కాబట్టి కోత సాగే కొద్దీ మి.మీ.కు తగ్గే సి.సి. కూడా తగ్గుతుంది. మొదట లెక్కలో 80 శాతమే కోయించి, తిరిగి కొలిచి, మిగతాది తీయించండి. కోసింది మళ్ళీ అతకదు.

లేత్ వాళ్ళకు కొలత చెప్పేటప్పుడు మిల్లీమీటర్లలో కాగితం మీద రాసి ఇవ్వండి. నోటితో "పది" అంటే ఒకరికి పది థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ), ఇంకొకరికి మిల్లీమీటరులో పదో వంతు. పది థౌ అంటే 0.25 మి.మీ. రెంటికీ రెండున్నర రెట్లు తేడా.

వాల్వులు, స్ప్రింగులు, క్యామ్ (వాల్వుల్ని తెరిపించే ఇరుసు) అన్నీ విప్పాకే హెడ్డు లేత్‌కు వెళ్ళాలి. లేత్ చక్ దవడలతో హెడ్డు చుట్టూ ఉండే చల్లబరిచే రెక్కలు పట్టి బిగిస్తే రెక్కలు విరుగుతాయి. స్టడ్ రంధ్రాల గుండా ఒక ప్లేటుకు బిగించి, ఆ ప్లేటును పట్టించాలి. డయల్ గేజితో నాలుగు మూలలా చూసి 0.02 లోపు ఉంటేనే కోత మొదలుపెట్టమనండి. క్యామ్ షాఫ్టు ఉండేది ఇదే హెడ్డులో. ముఖం ఏటవాలుగా తెగితే చైను ఒక పక్కకు లాగి పళ్ళు తినేస్తుంది.

0.2 లోపు తీయాలన్నా, వంకర సరిచేయాలన్నా లేత్ అక్కర్లేదు. 6 మి.మీ. గాజు పలక, దాని మీద 220 నంబరు నీటి ఎమరీ కాగితం, కాస్త కిరోసిన్ చాలు. హెడ్డు ముఖం మీద నల్ల మార్కరుతో అడ్డం నిలువు గీతలు గీయండి. రెండు చేతులతో సమంగా, బరువు వేయకుండా, ఎనిమిది అంకె ఆకారంలో ఇరవై సార్లు రుద్ది, హెడ్డును పావు చుట్టు తిప్పి మళ్ళీ ఇరవై. తిప్పకుండా రుద్దితే చెయ్యి వాటం ఉన్న వైపు ఎక్కువ తగ్గిపోతుంది. గీతలు ముందు నాలుగు మూలలా పోయి, గది పక్కన ఆఖరుగా మిగిలితే హెడ్డు అక్కడ గుంటపడి ఉన్నట్టు. అన్ని గీతలూ ఒకేసారి మాయమయ్యేదాకా సాగించి, 400 నంబరుతో ముగించండి. ఉక్కు స్కేలు నిలువుగా పెట్టి కింద 0.05 ఫీలర్ దూరకపోతే ముఖం సాపుగా ఉన్నట్టు.

కోత తర్వాత గది నోటి అంచు కత్తిలా తయారవుతుంది. దాన్ని అలాగే వదలకూడదు. పలచని లోహం నిప్పు కణికలా ఎర్రబడి, ప్లగ్గు కంటే ముందే పెట్రోలును అంటిస్తుంది. 400 కాగితాన్ని వేలికి చుట్టి, అంచు మీద గోరు ఆనించి లాగితే గోరు చెక్కుకోని దాకా గుండ్రం చేయండి. ఆ తర్వాత ఆయిల్ దారులన్నీ కిరోసిన్, ఆపై సబ్బునీళ్ళు, గాలితో శుభ్రం చేయాలి. ఒక్క అల్యూమినియం ముక్క మిగిలినా క్యామ్ గీతలు పడుతుంది.

హెడ్డు కిందికి దిగితే ఏమేం తగులుతాయి

అనుభవం ఉన్న చేతులు కూడా జారేది ఇక్కడే. రేషియో లెక్క సరిపోయినా బండి ఎందుకు బాగలేదంటే జవాబు ఈ నాలుగింటిలో ఒకటి.

డోవెల్ పిన్నులు. హెడ్డుకు, బోరుకు మధ్య కూర్చునే చిన్న గొట్టాల రంధ్రాలు హెడ్డు కోయడంతో అంత మేర లోతు తగ్గుతాయి. పిన్ను అడుగు తగిలి హెడ్డును పైకి ఎత్తిపట్టుకుంటుంది. ప్యాకింగు నొక్కుకోదు, నూనె కారుతుంది. పిన్నును కోత మేర ఆకురాయితో పొట్టి చేయండి.

టోపీ నట్లు. హెడ్డు దిగితే స్టడ్డు అంత ఎక్కువ పొడుచుకొస్తుంది. మూసి ఉన్న టోపీ నట్టు లోపల స్టడ్డు కొన తగిలి ఆగిపోతుంది. టార్క్ రెంచి "టక్" అంటుంది, అంతా బిగిసిందనుకుంటాం, హెడ్డు మాత్రం వదులుగానే ఉంటుంది. వారానికే ప్యాకింగు కాలిపోవడానికి ఇదే కారణం. నట్టు లోతు, స్టడ్డు పొడవు కొలిచి, చాలకపోతే అదనపు వాషరు వేయండి. నూనె దారి ఉన్న స్టడ్డుకు మాత్రం రాగి వాషరే ఉండాలి.

పిస్టన్‌కు హెడ్డు, వాల్వులు తగలడం. 1.5 మి.మీ. టంకం తీగ రెండు ముక్కలు పిస్టన్ అంచుల దగ్గర, గడ్జన్ పిన్ను (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపేది) వరుసలో గ్రీజుతో అతికించి, హెడ్డు బిగించి, చేత్తో ఒక చుట్టు తిప్పి విప్పండి. నలిగిన తీగ మందం 1.0 మి.మీ. ఉంటే మంచిది, 0.8 కంటే తగ్గకూడదు. తర్వాత పిల్లలు బొమ్మలు చేసుకునే బంకమట్టి పిస్టన్ మీది వాల్వు గుంటల్లో అద్ది, టైమింగ్ చైనుతో సహా బిగించి, రెండు చుట్లు నెమ్మదిగా తిప్పండి. మట్టిని బ్లేడుతో కోసి మందం చూస్తే ఇన్లెట్ దగ్గర 1.5, ఎగ్జాస్ట్ దగ్గర 2.0 మి.మీ. ఉండాలి. ఎగ్జాస్ట్‌కు ఎక్కువ ఎందుకంటే ఆ వాల్వు మూసుకుంటుండగా పిస్టన్ దాన్ని వెంబడిస్తూ పైకి వస్తుంది. స్ప్రింగు సడలితే తప్పించుకోలేదు.

క్యామ్ టైమింగ్. హెడ్డు, బోరు కలిపి 0.7 మి.మీ. దిగిందనుకోండి. చైను లాగే వైపు దూరం తగ్గి క్యామ్ ఆలస్యమవుతుంది. క్యామ్ స్ప్రాకెట్ వ్యాసార్థం 28 మి.మీ. అయితే క్యామ్ దగ్గర 1.4 డిగ్రీలు, క్రాంకు దగ్గర 2.8 డిగ్రీలు. ఇన్లెట్ వాల్వు ఆలస్యంగా మూసుకుని, తక్కువ వేగంలో కొంత గాలి వెనక్కి పోతుంది. పెంచిన కంప్రెషన్‌లో కొంత ఇలా చేజారుతుంది. 0.7 వరకు ఊరుకోవచ్చు. అంతకు మించితే స్ప్రాకెట్ బోల్టు రంధ్రాలను సన్న ఆకురాయితో సాగదీసి సరిచేసుకోవాలి. ఒక పన్ను జరిపితే సరిపోతుందని ఎవరన్నా చెబితే వినకండి. 28 పళ్ళ స్ప్రాకెట్‌లో ఒక పన్ను అంటే క్రాంకు దగ్గర దాదాపు 26 డిగ్రీలు. ఇక చైను వదులైన మేర టెన్షనర్ లాగాలి కదా, పాత సాగిన చైనుకు ఆ అవకాశం ఉండదు. కొత్త చైను వేసేయండి.

బిగింపు

కొత్త హెడ్ ప్యాకింగు, కొత్త ఓ-రింగులు. నట్లు ఎదురెదురుగా, మూడు విడతల్లో, మాన్యువల్ చెప్పిన టార్క్‌కు. టాపెట్ గ్యాపు (రాకరుకు, వాల్వుకు మధ్య సందు) సర్దడం ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే. మొదటి వేడి తర్వాత రాత్రంతా చల్లారనిచ్చి నట్లు, టాపెట్లు మళ్ళీ చూడాలి. పూర్తయ్యాక గేజి పెట్టండి. మునుపు 160 చూపిన ఇంజన్ 10:1కి 180 దగ్గర చూపించాలి. 200 దాటిందంటే లెక్కో కోతో తప్పింది, అలా నడపకండి.

పెట్రోలు, ప్లగ్గు, నిప్పు

పాత కార్బొరేటర్ బండికి ఈ20 పెట్రోలు అసలే పలచన. ఉత్త పెట్రోలుకు ఒక పాలుకు 14.7 పాళ్ళ గాలి కావాలి, ఈ20కి 13.5 దగ్గరే చాలు. పాత జెట్టుతో (కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం ఉన్న ముక్క) గాలి ఎక్కువై ఇంజన్ వేడెక్కుతుంది. కంప్రెషన్ కూడా పెంచితే ఆ వేడికి ఆజ్యం పోసినట్టే. మెయిన్ జెట్టు ఒక సైజు పెద్దది వేసి, ఐదు కిలోమీటర్లు నిండుగా లాగించి, ఇంజన్ ఆపి ప్లగ్గు చూడండి. పింగాణీ లేత ఇటుక రంగులో ఉంటే సరి. తెల్లగా సున్నంలా ఉంటే ఇంకో సైజు.

ప్లగ్గు ఒక మెట్టు చల్లనిది వాడండి. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లన: సి7హెచ్‌ఎస్‌ఏ ఉంటే సి8హెచ్‌ఎస్‌ఏ. బాష్‌లో దీనికి ఎదురు, అంకె తగ్గితే చల్లన. ఇది తెలియక పెద్ద అంకె ప్లగ్గు వేసుకుని పిస్టన్ కాల్చుకోవడం జరుగుతూనే ఉంది.

చిన్న గదిలో మంట త్వరగా పాకుతుంది కాబట్టి నిప్పు కాస్త ఆలస్యంగా పడినా చాలు. పల్సర్ కాయిల్ (నిప్పు పడాల్సిన క్షణాన్ని చెప్పే చిన్న కాయిల్) బిగించే రంధ్రాలు సాగదీసి 2 డిగ్రీలు వెనక్కి జరిపి, టైమింగ్ లైటుతో ఎఫ్ గుర్తు (నిప్పు పడే చోటు) దగ్గర చూసుకోండి. టైమింగ్ ముందుకు ఉండిపోతే కిక్కు లివరు ఎదురు తన్నడం మొదటి గుర్తు. కంప్రెషన్ పెంచిన బండికి ఆ తన్ను మడమ విరిచేంత గట్టిగా ఉంటుంది. చెప్పులతో కిక్కు కొట్టకండి.

పరీక్ష మధ్యాహ్నం పెట్టండి

తెల్లవారుజామున చల్లగాలిలో బాగుందని మురిసిపోతే లాభం లేదు. మొదటి 500 కిలోమీటర్లు మెల్లగా నడిపాక, మిట్టమధ్యాహ్నం, వెనక మనిషిని కూర్చోబెట్టుకుని, ఖాళీగా ఉన్న ఎత్తు రోడ్డు మీద టాప్ గేరులో 35 వేగం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పండి. బాణలిలో శనగలు పేలినట్టు చిటచిట వినిపిస్తే అదే నాకింగ్. వెంటనే గేరు తగ్గించండి. ఇంకో రెండు డిగ్రీలు వెనక్కి, లేదా జెట్టు పెద్దది. అప్పటికీ ఆగకపోతే బేస్ ప్యాకింగు మళ్ళీ మందంది వేసి ఒప్పుకోవాలి.

వినిపించని నాకింగూ ఉంటుంది. ప్లగ్గు పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు నల్ల చుక్కలో, సన్నని వెండి రవ్వలో ఉన్నాయేమో భూతద్దంతో చూడండి. ఆ వెండి పిస్టన్‌దే.

తీరం పక్క బండ్లకు ఇంకొకటి. ఉప్పుగాలికి రెక్కల మీద తెల్ల పొడి, దాని మీద చెరువు బురద పేరుకుంటే వేడి బయటికి పోదు. నెలకోసారి నీళ్ళతో, ప్లాస్టిక్ బ్రష్షుతో రెక్కల మధ్య కడగాలి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వారాలు వాడని బండి ట్యాంకులో పెట్రోలు తక్కువ ఉంచితే నీరు అడుగున చేరుతుంది. నింపి ఉంచడమో, పూర్తిగా తీసేయడమో చేయండి.

పంపుసెట్టు ఇంజన్లు

హోండా జీఎక్స్160 తరహా ఇంజన్లలో (68 మి.మీ. బోరు, 45 మి.మీ. స్ట్రోకు, 163 సి.సి.) చైను లేదు, పుష్‌రాడ్లు ఉంటాయి. హెడ్డు కోసినా క్యామ్ టైమింగ్ మారదు. రాడ్లు అంత మేర పొడుగైనట్టు అయి టాపెట్ గ్యాపు తగ్గుతుంది, అంతే. చల్లగా ఉన్నప్పుడు మీ మోడల్ మాన్యువల్ చెప్పిన అంకెకు (పాత జీఎక్స్160కి ఇన్లెట్ 0.15, ఎగ్జాస్ట్ 0.20 మి.మీ.) తిరిగి సర్దాలి. హెడ్డు బోల్టులు 24 న్యూటన్ మీటర్లు. వీటిలో స్టార్టింగ్ తేలిక కోసం వాల్వును కొంచెం ఎత్తి ఉంచే ఏర్పాటు ఉంది కాబట్టి కంప్రెషన్ గేజి అంకె నమ్మవద్దు. సిరంజితో గది కొలతే దారి.

అయితే కోయకముందు ఒక ప్రశ్న: మీ పంపు నడుస్తున్నప్పుడు ఇంజన్ వేగం పడిపోతోందా? గవర్నర్ (వేగం మారకుండా చూసే ఏర్పాటు) పట్టి ఉంచిన వేగంలో పంపు నిలకడగా తిరుగుతుంటే, కంప్రెషన్ ఎంత పెంచినా నీళ్ళు ఒక్క చుక్క ఎక్కువ రావు. వేగం అదే, పంపు అదే. అప్పుడు చూడాల్సింది ఫుట్ వాల్వు, సక్షన్ పైపు లీకులు, బావి లోతు. ఆ తేడా కోసం గవర్నర్ తీగ కట్టేసి వేగం పెంచడం మాత్రం ఎప్పుడూ చేయకండి. పోసిన అల్యూమినియం కనెక్టింగ్ రాడ్డు ఆ వేగానికి విరిగి క్రాంక్ కేసు చీల్చుకుని బయటికి వస్తుంది.

పెట్రోలుతో స్టార్ట్ చేసి కిరోసిన్‌తో నడిపే ఇంజన్లకు కంప్రెషన్ పెంచకూడదు. కిరోసిన్ ఆక్టేన్ చాలా తక్కువ. వాటికి కంపెనీయే కావాలని తక్కువ కంప్రెషన్ పెడుతుంది, కోస్తే మొదటి గంటలోనే కొట్టుకుంటాయి. డీజిల్ ఇంజన్లలో కంప్రెషన్ ఇప్పటికే 16, 18 మధ్య ఉంటుంది. అక్కడ హెడ్డు, పిస్టన్ మధ్య సందును సీసం తీగతో కొలిచి, బోరు కింది షిమ్ములతో కంపెనీ చెప్పిన అంకెకు తేవడం వరకే పని.